అక్క కూర్చుంది, చెల్లెలు నిలబడింది

గొడవంతా పేపర్లో పడ్డ ఒక ఫొటోతో మొదలైంది.

ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ ల్యూట్ వాయిస్తారు. పెద్ద గుమ్మడికాయని నిలువునా రెండు చెక్కలు చేసి, ఒక చెక్కకి మెడ అతికించి తీగలు బిగిస్తే ఎలా ఉంటుందో ల్యూట్ అలా ఉంటుంది. వీపు గుండ్రం, పైగా నునుపు. ఒళ్ళో పెట్టుకుంటే జారుతుంది, మెడలో వేసుకుంటే గుంజుతుంది. చిన్నప్పటినుంచీ అక్క కూర్చునే వాయించింది, చెల్లెలు నిలబడే వాయించింది. పెళ్ళిళ్ళకీ, షాపుల ప్రారంభాలకీ, పదవీ విరమణ సభలకీ ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. ఎవరి తీరున వాళ్ళు వాయించి, పెట్టింది తిని ఇంటికొచ్చేవాళ్ళు. అందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు.

పళ్ళ వర్తకుల సంఘం వాళ్ళ సమావేశంలో వేదిక ఇరుకైంది. అక్క కుర్చీ ముందు వేశారు, చెల్లెలు దాని వెనక నిలబడింది. పేపరాయన సరిగ్గా ఎదురుగా వచ్చి ఫొటో తీశాడు. అచ్చులో ల్యూట్లు రెండూ నల్లటి మరకల్లా అలుక్కుపోయాయి. మిగిలిందల్లా ముందు బిగుసుకుని కూర్చున్న అక్క, ఆమె తల వెనక వేళ్ళు వంచి, కళ్ళు చిట్లించి నిలబడ్డ చెల్లెలు.

అక్క మొగుడికి సెలూన్ ఉంది. కింద సెలూన్, పైన ముగ్గురి కాపురం. పెళ్ళామూ మరదలూ పేపర్లో పడ్డారన్న సంబరంలో ఆయన ఆ ఫొటో కత్తిరించి అద్దం పక్కన అతికించాడు. మర్నాడు గడ్డం గీయించుకోవడానికి వచ్చిన పోస్ట్‌మాన్, మొహం నిండా నురుగుతో దాన్ని తేరిపార చూశాడు.

"మీ ఆవిడకి కటింగ్ చేస్తున్న ఆ పొడుగావిడెవరండీ? కొత్తగా పెట్టుకున్నారా?"

పక్క కుర్చీలో ఉన్న బట్టల కొట్టాయన కూడా మెడ చాచి చూశాడు. "మనిషి శ్రద్ధగానే చేస్తున్నట్టుంది గానీ, కత్తెర ఏదీ?"

సెలూన్ ఘొల్లుమంది. ఆ నవ్వు మెట్లెక్కి పైకెళ్ళింది, అక్క మెట్లు దిగి కిందికొచ్చింది. ఫొటో చూసింది. నురుగు మొహాలు చూసింది. ఫొటోని పీకి, ఊడ్చి పోసిన జుట్టులో పారేసి పైకెళ్ళిపోయింది.

చెల్లెలు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇవాళ్టినుంచి నువ్వు కూడా కూర్చునే వాయించాలి," అంది అక్క.

"ఎందుకూ? నువ్వే లేచి నిలబడొచ్చుగా."

"ల్యూట్ ఒళ్ళో ఉండాల్సిన వస్తువే. మెడకి వేలాడేసుకుని తిరగడానికి అదేమన్నా తోలుసంచీనా?"

"కూర్చుని వాయిస్తే ముందు వరస వాళ్ళ మోకాళ్ళకి తప్ప ఎవరికీ వినపడదు. అయినా పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. నిలబడి అన్నారక్కా, కూర్చుని అన్లేదు."

"అది నీళ్ళ సంగతి!"

"కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయనీ అన్నారు."

"మనం తింటున్నామా, వాయిస్తున్నామా?"

"వాయించడం వస్తే ఎలాగైనా వాయించొచ్చు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుర్చీ లేకపోతే నావల్ల కాదనడమేంటి?" అని ఊరుకుంటే పోయేది. నోరు జారి ఇంకోమాట కూడా అంది. "పొట్టివాళ్ళకి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా!"

అక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చెల్లెలు మాట వెనక్కి తీసుకుందామనుకుంది గానీ, ఉల్లిపాయల వల్ల కళ్ళు అప్పటికే కారుతున్నాయి. ఏడుస్తోందనుకుని అక్క గెలిచినట్టు భావిస్తుందేమోనని ఊరుకుంది.

నిజానికి ఇద్దరూ చెప్పినవి సాకులే. అసలు సంగతి ఎవరిది వాళ్ళు కడుపులో దాచుకున్నారు.

అక్క పొట్టి. మామూలు పొట్టి కాదు. కూర్చున్నప్పుడు ఆ సంగతిని కుర్చీ కప్పిపుచ్చేది. ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు ల్యూట్ మెడకి తగిలించుకుని నిలువుటద్దం ముందు నిలబడి చూసుకుంది. గెడ్డం కిందినుంచి మోకాళ్ళదాకా ల్యూటే కనిపించింది. గుమ్మడికాయకి తలా కాళ్ళూ మొలిచినట్టుంది. వెంటనే తీసేసి పెట్టెలో పెట్టి, అద్దం మీద దుప్పటి కూడా కప్పింది.

చెల్లెలి బాధ ఇంకోటి. వేదికెక్కితే ఆమెకి కంగారు. కంగారు పడితే పేగులు అరుస్తాయి. ఆకలేం కాదు, రెండు ముద్దలు ఎక్కువ తిని వెళ్ళినా అంతే. నిలబడి, పట్టీ బిగించి, ల్యూట్‌ని ఛాతీ మీదికి ఎత్తి పట్టుకుంటే ఆ చప్పుడు తనలోనే ఉండిపోయేది. కూర్చుంటే మాత్రం ల్యూట్ పొట్ట వచ్చి ఆమె పొట్టకి ఆనుకునేది. లోపలి గురగుర ఆ బోలు చెక్కలోంచి పదింతలై బయటికొచ్చేది. చాలాకాలం కిందట అక్కకి జ్వరమొస్తే ఒక పెళ్ళిలో ఒక్కతే వెళ్ళి, వాళ్ళు వేసిన కుర్చీలో ఒకే ఒక్కసారి కూర్చుని వాయించింది. ముందు వరసలో పెద్దమనిషి కిటికీ వైపు చూసి, "ఉరుముతున్నట్టుంది, గొడుగు తెచ్చారా?" అని పక్కాయన్ని అడిగాడు. ఆ రోజునుంచి ఆమె ల్యూట్ పట్టుకుని కూర్చోలేదు.

వాళ్ళలా మూతులు ముడుచుకుని ఉండగానే లైబ్రరీ పెద్దావిడ వచ్చింది. లైబ్రరీకి కొత్తగా హాలు కట్టించారట, ప్రారంభం రోజు సాయంత్రం వీళ్ళ వాయిద్యం పెట్టించాలట. ఆవిడ గట్టిగా మాట్లాడటం మర్చిపోయి ఏళ్ళయింది. అన్నీ గుసగుసల్లోనే చెప్పింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్క చిన్న మనవి. ఇద్దరూ ఒకేలా ఉంటే బావుంటుందమ్మా. కూర్చుంటే ఇద్దరూ, నిలబడితే ఇద్దరూ. మొన్న పేపర్లో చూశాను, నాకు అర్థం కాలేదు. మంచి కటింగే అనుకున్నాను."

ఇక తప్పలేదు. తీర్పు కోసం ఇద్దరూ మేనత్త దగ్గరికి వెళ్ళారు. ఇద్దరికీ ల్యూట్ నేర్పింది ఆవిడే. ఇప్పుడు పెద్దదై, మోకాళ్ళకి వేడినీళ్ళ సంచులు కట్టుకుని మంచం మీదే ఉంటోంది.

"అత్తా, నువ్వు కూర్చునే వాయించేదానివి కదూ?" అంది అక్క చెప్పులు విప్పుతూనే.

"నిలబడి కదూ?" అంది చెల్లెలు.

మేనత్త ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "పెద్దదానికి నేర్పినప్పుడు కూర్చునేదాన్ని."

అక్క గెడ్డం ఎత్తింది.

"చిన్నదానికి నేర్పినప్పుడు నిలబడేదాన్ని."

చెల్లెలు కూడా ఎత్తింది.

"అదేంటత్తా! మధ్యలో పద్ధతి మార్చావా?" అంది చెల్లెలు.

"పద్ధతా పాడా? ఇల్లు మారామే. ఆ కొత్తింట్లో కూర్చుంటే పొయ్యి కనపడేది కాదు. పాలు పొంగిపోయేవి. అందుకని నిలబడి, ఒక కన్ను నీ వేళ్ళ మీద, ఒక కన్ను గిన్నె మీద వేసేదాన్ని. నువ్వు వాయిస్తూ వాయిస్తూ తల ఎడమపక్కకి తిప్పుతావు చూడు, అది కూడా అప్పుడు అంటుకున్నదే. పొయ్యి అటువైపు ఉండేది."

చెల్లెలి మొహం వాడిపోయింది. ఆ తల తిప్పడం తన సొంత శైలి అనుకుంటోంది ఇన్నాళ్ళూ. దాన్ని చూసి మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

"మరి ఇప్పుడెలా వాయిస్తావత్తా?" అంది అక్క, నవ్వు ఆపుకుంటూ.

"ఇప్పుడా? ఇదిగో, ఇలా." మేనత్త వెల్లకిలా పడుకుంది. గోడకున్న ల్యూట్ అందుకుని పొట్ట మీద పెట్టుకుంది. కప్పుకేసి చూస్తూ వాయించింది. అంత హాయిగా, అంత తేలిగ్గా ఆ ఇద్దరూ ఎప్పుడూ వాయించలేదు. విన్నంతసేపూ గొడవ సంగతే మర్చిపోయారు.

"మీరూ పడుకుని వాయించండి, పీడా పోతుంది," అంది ఆవిడ ఆపి.

"సభలోనా!"

"వినేవాళ్ళు ఎలాగూ నిద్రపోతారు కదే. వాళ్ళకి తోడుగా ఉన్నట్టుంటుంది."

తీర్పు దొరక్కుండానే తిరిగొచ్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరికీ మధ్య బావ కూర్చున్నాడు. "పచ్చడి ఇటివ్వమని మీ మరదలికి చెప్పండి," అంటుంది అక్క. "గిన్నె దగ్గరే ఉంది, చెయ్యి చాపమని మీ ఆవిడకి చెప్పు బావా," అంటుంది చెల్లెలు. ఆయన అటొకసారి ఇటొకసారి తల తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది. మెడ నిమురుకుంటుండగా ఉపాయం తట్టింది.

"నా కుర్చీ!" అన్నాడు.

సెలూన్‌లో రెండు కుర్చీలున్నాయి. కింద మీట తొక్కితే పైకి లేస్తాయి, ఇంకో మీట నొక్కితే కిందికి దిగుతాయి. ఒకదాన్ని వేదిక మీద పెట్టి, తెల్ల దుప్పటి కప్పి, అక్కని కూర్చోబెట్టి, తల చెల్లెలి తలకి సమంగా వచ్చేదాకా పైకి లేపితే సరి. ఆవిడ కూర్చున్నట్టూ ఉంటుంది, చూసేవాళ్ళకి ఇద్దరూ ఒకేలా నిలబడ్డట్టూ ఉంటుంది.

అక్కాచెల్లెళ్ళు చాలా రోజుల తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ సెలూన్ కుర్చీయేనా?" అంది అక్క.

"దుప్పటి కప్పుతాం కదే! మంచి కాళ్ళున్న దుప్పటి అనుకుంటారు," అన్నాడు ఆయన. అదేం మాటో ఆయనకే తెలీదు గానీ, ఇద్దరికీ నవ్వొచ్చింది, ఒప్పుకున్నారు. ఆ కుర్చీకి నూనె కాస్త కారుతుందనీ, కటింగ్ అయ్యేసరికి మనిషి రవంత కిందికి దిగుతాడనీ ఆయన చెప్పలేదు. కొత్త నూనె పోశాను కదా, ఇంకేం ఫరవాలేదనుకున్నాడు.

లైబ్రరీ హాలు నిండింది. లైబ్రరీ పెద్దావిడ ముందు వరసలో కూర్చుంది. తెల్ల దుప్పటి మీద అక్క, పక్కన చెల్లెలు, ఇద్దరి తలలూ గీత గీసినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి. ఎదురుగా స్వరాల కాగితాలు పెట్టిన స్టాండు, ఇద్దరికీ కలిపి ఒకటే. బావ వేదిక పక్కన తెర చాటున నిలబడి, కొడుకుని బడికి పంపిన తండ్రిలా కుర్చీ వంక చూస్తున్నాడు.

మొదటి పాట దివ్యంగా సాగింది. చప్పట్లు కూడా పడ్డాయి. రెండో పాట సగంలో అక్కకి స్టాండు కొంచెం ఎత్తుగా అనిపించింది. మెడ చాచింది. ఇంకాసేపటికి కాగితం అడుగు భాగం మాత్రమే కనపడసాగింది.

"స్టాండు దించవే," అంది పెదాలు కదపకుండా.

"స్టాండు అక్కడే ఉంది. నువ్వే దిగుతున్నావు!"

చెల్లెలు వాయిస్తూనే కాలితో స్టాండుని కిందికి నొక్కింది. ఇప్పుడు తనకి కనపడలేదు. మోకాళ్ళు కాస్త వంచింది. అక్క ఇంకాస్త దిగింది. చెల్లెలు ఇంకాస్త వంచింది. తొందర తొందరగా వాయిస్తూ, ఒకరు బావిలోకి దిగుతున్నట్టూ, ఇంకొకరు తొంగి చూస్తున్నట్టూ ఇద్దరూ కిందికి పోసాగారు. హాల్లో వెనక వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు.

బావ ఆగలేకపోయాడు. నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి దుప్పటి కింద దూరి మీట తొక్కబోయాడు. కాలికి చోటు లేక చేత్తో నొక్కాడు. నొక్కినప్పుడల్లా అక్క ఒక జానెడు ఎగిరింది, ఎగిరినప్పుడల్లా ల్యూట్ "టొయ్" మంది. కంగారులో ఆయన నొక్కుతూనే పోయాడు. అక్క చెల్లెల్ని దాటి, స్టాండుని దాటి పైకెళ్ళింది. చెల్లెలు తనని దాటి పెరిగాక మొదటిసారి ఆమె నడినెత్తి చూసింది.

"ఏవండీ, చాలు!" అంది దుప్పటికేసి చూస్తూ.

చాలు అనడంతో ఆయన రెండో మీట వెతికాడు. అది దొరికింది. కుర్చీ "ఉస్స్..." మని పెద్ద నిట్టూర్పు విడిచి, అడుగుదాకా ఒక్కసారే కూలబడింది. ఇక లేవలేదు.

రెండో పాట అక్కడే అయిపోయింది. ఎక్కడో ఒకళ్ళు చప్పట్లు కొట్టి, తోడెవరూ లేక ఆపేశారు.

మూడోది విళంబం, బాగా నిదానంగా నడిచే పాట. మీటుకీ మీటుకీ మధ్య చాలా మౌనం ఉంటుంది. వాయించకుండా లేచిపోతే మర్యాద కాదు. అక్క అడుగుకంటా దిగిపోయిన కుర్చీలో ఉంది. ఇద్దరూ ఒకేలా ఉండాలని పెద్దావిడకి మాటిచ్చారు. చెల్లెలు అటూ ఇటూ చూసి, వేరే దారి లేక, కుర్చీ ముందుండే కాళ్ళు పెట్టుకునే పలక మీద చతికిలబడింది. ల్యూట్ పొట్ట వచ్చి ఆమె పొట్టకి ఆనింది.

అక్క మొదటి తీగ మీటింది. మౌనం.

"గుర్ర్ర్ర్..." అంది ల్యూట్.

లైబ్రరీ పెద్దావిడ వెంటనే వెనక్కి తిరిగి, పెదాల మీద వేలుంచి, "ష్ష్!" అంది హాలు మొత్తాన్ని. ఏ పాపమూ ఎరగని జనం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

రెండో తీగ. మౌనం. "గుర్ర్ర్... గుడగుడగుడ."

ఈసారి అది వేదిక మీదినుంచే వచ్చిందని అందరికీ తెలిసిపోయింది. కళ్ళన్నీ దుప్పటి కింద ఎత్తుగా కదులుతున్న ఆకారం మీదికి పోయాయి. దుప్పటి అంచు లేచింది, బావ తల బయటికొచ్చింది.

"నేను కాదండీ," అన్నాడాయన దీనంగా.

హాలు పగిలిపోయేలా నవ్వారు. చెల్లెలు తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ళు తీగల మీదే ఉన్నాయి గానీ కదలడం లేదు. పైనుంచి అక్క ఆమె చెవుల్ని చూసింది, పొట్టకి ఆనిన ల్యూట్‌ని చూసింది. కంగారుకి ఇంకోసారి గుడగుడమంది. అక్కకి అంతా అర్థమైంది. ఇన్నేళ్ళ నిలబడటమూ, పరుగెత్తి పాలు తాగడమూ, కొండలు కరగడమూ అన్నీ అర్థమయ్యాయి.

లావు తీగని బొటనవేలితో గట్టిగా లాగింది. "భూఁ..." అని అది హాలంతా మోగి, గుడగుడని మింగేసింది. మళ్ళీ గురగుర మొదలవగానే మళ్ళీ లాగింది. పాటలో ఆ తీగ లేదు. అయినా ఎవరికీ తేడా తెలియలేదు, పైగా బరువుగా బావుంది.

ఎంతసేపని అలా కాపలా కాస్తుంది! అక్క లేచింది. ల్యూట్ చంకన పెట్టుకుని కుర్చీ దిగి చెల్లెలి పక్కన నిలబడింది.

"లే," అంది.

"అక్కా, నువ్వు..."

"లేవే అంటుంటే!"

చెల్లెలు లేచి ల్యూట్‌ని ఛాతీ మీదికి ఎత్తుకుంది. అక్క ఆ పలక మీద ఒక కాలు పెట్టి, పైకి లేచిన తొడ మీద ల్యూట్ ఆనించింది. నిజంగానే మనిషి సగం కనపడలేదు. వెనకనుంచి ఎవరో, "ల్యూట్‌కి కాళ్ళొచ్చాయిరోయ్!" అన్నారు. అక్కకి వినపడింది. ఒక్క క్షణం మొహం మండింది. ఆ తర్వాత, వచ్చాయి, అయితే ఏంటట, అన్నట్టు తలెగరేసి వాయించింది. విళంబం అంత గొప్పగా ఎప్పుడూ కుదరలేదు. పెద్దావిడ కూడా కళ్ళు మూసుకుని వింది. చివర్లో ఆవిడే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, అంత చప్పుడు తనే చేశానా అని తన చేతుల వంక చూసుకుంది.

ఆ తర్వాత పుస్తకాల గదిలో ల్యూట్లు పెట్టెల్లో సర్దుతుంటే ఆవిడ వచ్చింది. "చాలా బావుందమ్మా," అంది గుసగుసగా. "ఆ కుక్కని లోపలికి ఎవరు రానిచ్చారో మాత్రం రేపు కనుక్కుంటాను."

"కనుక్కోండి," అంది అక్క, నిక్కచ్చిగా.

ఆవిడ వెళ్ళగానే తలుపు మూసి, చెల్లెలి వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇన్నేళ్ళూ చెప్పవేమే?"

"ఏమని చెప్పను? నాకంటే నా కడుపు బాగా వాయిస్తుందనా? నువ్వు మాత్రం చెప్పావా, నిలబడటానికి సిగ్గని?"

"నువ్వు పుట్టెడు బుద్ధులన్నావు కదా, తెలిసే అన్నావనుకున్నాను."

"నోటికొచ్చి అన్నానక్కా. నాకేం తెలుసు?" చెల్లెలు పెట్టె మూత మీద వేలితో గీతలు గీసింది. "నువ్వు మరీ అంత పొట్టేం కాదు."

"అబద్ధాలాడకు."

"పొట్టివే అనుకో. కానీ ఆ కాలు పైకి పెట్టి నిలబడ్డం బావుంది."

బావ వచ్చాడు, మోచేతులకి నూనె, మోకాళ్ళకి దుమ్ము. అక్క ఆయన వైపు తిరిగింది. "నూనె కారుతుందని ముందే చెప్పొచ్చు కదండీ!"

"క్షవరమైతే గానీ వివరం తెలియదంటారు," అన్నాడాయన తల గోక్కుంటూ. "నాకు ఇప్పుడే తెలిసింది."

కుర్చీని వ్యాన్‌లో పడుకోబెట్టారు. ఆయన డ్రైవర్ పక్కన ఎక్కాడు. ఆడవాళ్ళిద్దరూ వెనకాల కుర్చీకి చెరోపక్కా, ల్యూట్ పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని సర్దుకున్నారు. ఇకమీద పిలవడానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్పేయాలని తీర్మానించుకున్నారు. అక్క తనకి ఎలా తోస్తే అలా, చెల్లెలు నిలబడి, ఇద్దరి మధ్యా వేదికంత దూరం. నచ్చితే పిలవండి, లేకపోతే మానేయండి. చెప్పే బాధ్యత బావది.

వ్యాన్ లైబ్రరీ వీధి మలుపు తిరిగింది.

"అన్నట్టు, రెండో పాటలో నువ్వు పరిగెత్తావు," అంది అక్క.

"నేనా? నువ్వు పాతాళానికి పోతున్నావు! తొందరగా ముగించకపోతే కాగితం నీకు తాడు కట్టి దించాల్సి వచ్చేది."

"నేను పాతాళానికి పోయినా తాళం తప్పలేదు."

"తప్పావు. మొదటి ఎగురులోనే తప్పావు. బావా, నువ్వు చెప్పు, తప్పిందా లేదా?"

"నేను దుప్పటి కింద ఉన్నాను," అన్నాడు బావ ముందునుంచి, వెనక్కి తిరక్కుండా. ఆయన మెడ ఇంకా పట్టేసే ఉంది.